పేరు గాదు, వచ్చిన దారి చూడుడు

వర్తకునకు మూలధనము రెండు విధములు. ఒకటి పెట్టెలోని రొక్కము. రెండవది ఊరిలోని మాట. రొక్కము పోయినను మాట నిలిచియున్నవాడు మరల లేచి నిలువగలడు. మాట పోయినవాడు రొక్కమున్నను నిలువజాలడు. తరతరములుగా బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్ళాపురము, గుడిబండ, శిడ్లఘట్ట ప్రాంతములలో స్థిరపడి, కన్నడ సోదరులతో కలిసిమెలిసి సేద్యమును, పట్టు వ్యాపారమును, కిరాణా వ్యాపారమును సాగించుకొనుచున్న మన తెలుగు కుటుంబములకు ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. ఫలానావారి కొట్టునుండి వచ్చినామన్న ఒక్క మాటపై మూటలు కదలిన రోజులను మన పెద్దలు చూచియున్నారు.

ఆ పేరే నేడు దొంగల చేతి పనిముట్టయినది. పూర్వపు దొంగ గోడకు కన్నము వేసెడివాడు. నేటి దొంగ మనము నమ్మిన బ్యాంకు పేరును, మనకు సరకు పంపు కంపెనీ పేరును, ఆదాయపు పన్ను శాఖ పేరును తగిలించుకొని ఈ-మెయిలు రూపమున తలుపు తట్టుచున్నాడు. తలుపు తీయువారము మనమే. తాళపుచెవి చేతికిచ్చువారము మనమే. ఈ మోసమును గూర్చి మన సంఘీయులందరు, ముఖ్యముగ దుకాణములు నడుపువారును, పిల్లలు దూరదేశముల నుండగా ఇంట నొంటరిగ నున్న పెద్దలును, చక్కగ తెలిసికొనవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఈ మోసమునకు ఆంగ్లమున ఫిషింగ్ అని పేరు. చేపలు పట్టుట అను అర్థముగల మాటనే ఒక అక్షరము మార్చి వ్రాసి, 1990 దశకపు నడుమ అమెరికాలో ఈ పేరు పెట్టినారు. అమెరికా ఆన్‌లైన్ అను సంస్థయొక్క చందాదారులకు, మేము ఆ సంస్థ ఉద్యోగులమే యని సందేశములు పంపి, వారి పాస్‌వర్డులను రాబట్టెడివారు. నాటినుండి నేటివరకు ఎర మారినదే గాని పద్ధతి మారలేదు. మనము దీనిని గాలపు లేఖ అనుకొనిన చాలును. ఎరను చూచిన చేప గాలమును చూడదు; అట్లే నమ్మిన పేరును చూచిన మనుష్యుడు దాని వెనుక నున్న చేతిని చూడడు.

ఇది ఎక్కడనో పరదేశములలో జరుగు విషయమని తలపవలదు. మన భాషవారి మహానగరమైన హైదరాబాదులోనే జరిగిన యుదంతము కలదు. అచ్చటి ఆంధ్రప్రదేశ్ మహేశ్ సహకార అర్బన్ బ్యాంకులో 2022 జనవరిలో సుమారు 12 కోట్ల 48 లక్షల రూపాయలు అపహరింపబడినవి. పోలీసులు విచారింపగా తేలినదేమనగా, 2021 నవంబరులో ఆ బ్యాంకు ఉద్యోగులకు రెండువందలకు పైగా గాలపు లేఖలు వచ్చినవి. అందరును మోసపోలేదు. ఇరువురు మాత్రము అట్టి లేఖలను తెరచినారు. అంతమాత్రముననే దొంగల సాధనమొకటి వారి కంప్యూటరులలో చొరబడి, వారు కొట్టు ప్రతి అక్షరమును దొంగలకు చేరవేయసాగినది. దొంగలు రెండు నెలలకు పైగా ఓపిక పట్టి, బ్యాంకుయొక్క లోగుట్టు నంతయు గ్రహించి, ఒక్కమారుగా సొమ్మును దేశమందలి వందల కొలది ఖాతాలకు మరలించినారు. తగిన రక్షణ ఏర్పాట్లు చేసికొనలేదని రిజర్వు బ్యాంకు 2023లో ఆ బ్యాంకునకు 65 లక్షల రూపాయల జరిమానా విధించినది.

ఇందులో మనము గమనింపవలసిన పాఠములు రెండు. మొదటిది, రెండువందల లేఖలలో నూటతొంబదియెనిమిది వృథా యైనను దొంగకు నష్టము లేదు. రెండు పలించిన చాలును. లేఖ పంపుటకు వానికి అణా ఖర్చు లేదు. కావున మనకు వచ్చిన లేఖ మన పేర వచ్చినదని, మన సంగతి తెలిసినవారే వ్రాసియుందురని భ్రమపడరాదు. రెండవది, లేఖ తెరచిన దినమున ఏ నష్టమును కానరాలేదు. తెరచితిమి, ఏమియు కాలేదు అని నిశ్చింతగ నుండుట తగదు.

చదువు తక్కువవారే మోసపోవుదురను అభిప్రాయమొకటి మనలో కలదు. ఇది తప్పు, తప్పే గాక అపాయకరము. 2015లో ముంబయి పోలీసులయొద్దకు వచ్చిన యొక ఫిర్యాదును చూడుడు. దేశపు చమురు సంస్థ ఓ.ఎన్.జి.సి. సౌదీ అరేబియాలోని అరామ్‌కో సంస్థకు నాఫ్తా అమ్మినది. రావలసిన సొమ్ము సుమారు 197 కోట్ల రూపాయలు. ఓ.ఎన్.జి.సి. చిరునామాను పోలిన వేరొక చిరునామాను దొంగలు సృష్టించి, ఇకపై సొమ్మును ఈ క్రొత్త ఖాతాకు పంపుడని వ్రాసినారు. అసలు చిరునామాకును నకిలీ చిరునామాకును గల భేదమేమి? ఎన్, జి అను రెండక్షరములు తారుమారైనవి. ఓ-ఎన్-జి-సి అని యుండవలసినచోట ఓ-జి-ఎన్-సి అని యున్నది. అంతియే. త్వరగ చదువు కన్ను రెంటిని ఒక్కటిగనే చదువును.

అంతకంటె విచిత్రమైన సంగతి అమెరికాలో జరిగినది. లిథువేనియా దేశీయుడొకడు 2013 మొదలు 2015 వరకు, తైవానుకు చెందిన కంప్యూటరు పరికరముల తయారీ సంస్థ పేర దొంగ బిల్లులను ఈ-మెయిలు ద్వారా పంపి, గూగుల్, ఫేస్‌బుక్ సంస్థలనుండి పది కోట్ల డాలర్లకు పైగా రాబట్టినాడు. ఆ రెండు సంస్థలును నిజముగ ఆ తయారీ సంస్థతో వ్యాపారము చేయుచున్నవే. కనుకనే బిల్లు చూచి ఎవరును శంకింపలేదు. 2019లో న్యూయార్కు న్యాయస్థానము వానికి ఐదేండ్ల కారాగార శిక్ష విధించినది. లోకమునకు ఈ-మెయిలు నేర్పిన సంస్థలే ఈ-మెయిలు చేత మోసపోగా, చింతామణి అంగడివీధిలోని గుమాస్తా మోసపోయినాడని నవ్వుటకు మనకేమి హక్కు కలదు?

మన ప్రాంతమునకు ఈ గాలములు ఏయే వేషములలో వచ్చుచున్నవో చెప్పెదము. విద్యుత్తు బిల్లు కట్టలేదు, ఈ రాత్రికి కరెంటు తీసివేయుదుము అని బెస్కాం పేర వచ్చునది ఒకటి. అట్టివి తమవి కావని ఆ సంస్థయే ప్రజలను హెచ్చరించినది. పార్సెలు వచ్చినది గాని చిరునామా అసంపూర్ణముగ నున్నది, ఈ లంకె నొక్కి సరిచేయుడు అని తపాలా శాఖ పేర వచ్చునది రెండవది. ఇది అబద్ధమని కేంద్ర ప్రభుత్వపు పత్రికా సమాచార కార్యాలయము 2024లో ప్రకటించినది. క్రొత్త ఈ-పాన్ కార్డును ఉచితముగ దింపుకొనుడు అను ఈ-మెయిలు మూడవది. దీనిని గూర్చియు ఆ కార్యాలయమే 2025లో హెచ్చరించినది. ఇవిగాక, ఖాతా నిలిచిపోవును, కె.వై.సి. వివరములు నింపుడు అని బ్యాంకు పేర వచ్చునవి, పన్ను సొమ్ము తిరిగి వచ్చును, ఖాతా వివరములు తెలుపుడు అని ఆదాయపు పన్ను శాఖ పేర వచ్చునవి, బాకీ బిల్లు జతపరచితిమి అని సరకుల కంపెనీ పేర వచ్చునవి అనేకములు. ఈ-మెయిలున వచ్చు గాలమే వాట్సాపున, ఎస్.ఎం.ఎస్.న గూడ వచ్చును. దారి వేరైనను దొంగ ఒక్కడే.

వేషము లెన్ని యున్నను ఈ లేఖలకు కొన్ని సామాన్య లక్షణములు కలవు.

మొదటి లక్షణము తొందర. నేడే, ఈ గంటలోనే, ఇరువదినాలుగు గంటలలోనే యని గడువు పెట్టును. ఆలోచించుటకు, ఇంట మరియొకరి నడుగుటకు తీరిక లేకుండ చేయుటయే ఇందలి యుద్దేశము. నిదానమే ప్రధానమని మన పెద్దలు ఊరక చెప్పలేదు. నిజమైన బ్యాంకు మనము ఒక్క పూట ఆలస్యము చేసినంతమాత్రమున మన ఖాతాను మ్రింగివేయదు.

రెండవది భయము గాని ఆశ గాని. జరిమానా, అరెస్టు, కరెంటు కోత అను మాటలు భయము గొలుపును. బహుమానము, వాపసు సొమ్ము అను మాటలు ఆశ గొలుపును. మనస్సు కలత చెందినపుడు కన్ను సరిగ చూడదు.

మూడవది, అడుగరాని దానిని అడుగుట. పాస్‌వర్డు, ఓ.టి.పి., కార్డు వెనుకనున్న మూడంకెలు, యు.పి.ఐ. పిన్ను: వీనిని ఏ బ్యాంకును లేఖలో అడుగదు. సొమ్ము తీసికొనుటకు పిన్ను కొట్టవలసిన పని లేదు. పిన్ను కొట్టుట సొమ్ము ఇచ్చుటకే. ఈ యొక్క వాక్యమును ప్రతి యింట చిన్నపిల్లలకు గూడ కంఠస్థము చేయింపవలెను.

నాలుగవది చిరునామా. లేఖపై కనబడు పేరు వేరు, పంపిన చిరునామా వేరు. పేరును ఎవరైనను ఏమైనను వ్రాసికొనవచ్చును. దొంగ తన పేరును రిజర్వు బ్యాంకు అని పెట్టుకొనినను అడ్డు లేదు. ఆ పేరుపై నొక్కిన అసలు చిరునామా కనబడును. అట్లే లేఖలోని లంకె ఎచ్చటికి పోవునో కూడ చూడవలెను. దానిని చదువు పద్ధతి ఒకటి కలదు. మన తపాలా చిరునామాలో ఇంటిపేరు ముందు, ఊరిపేరు వెనుక వ్రాయుదుము గదా. అయోధ్యా నిలయము, చింతామణి అని వ్రాసిన ఉత్తరము చింతామణికే పోవును గాని అయోధ్యకు పోదు. లంకెయు అంతే. ఆరంభముననుండు రెండు వాలుగీతల పిమ్మట, మరల మొదటి వాలుగీత వచ్చువరకు గల భాగమును వెనుకనుండి ముందునకు చదువవలెను. మనబ్యాంకు డాట్ ఖాతాసేవ డాట్ కామ్ అని యున్నచో, అది ఖాతాసేవ అను నెవరిదో యిల్లు. మనబ్యాంకు అనునది ఆ యింటి గుమ్మముపై వ్రాసిన పేరు మాత్రమే. ప్రక్కన తాళపుకప్ప బొమ్మ యున్నంతమాత్రమున నమ్మరాదు. ఆ బొమ్మ మన మాటలు దారిలో ఎవరికిని వినబడవని తెలుపును గాని, అవతలనున్నవాడు యోగ్యుడని తెలుపదు.

ఐదవ లక్షణముగ పూర్వము తప్పుల భాషను చెప్పెడివారు. నేడు దానిపై ఆధారపడరాదు. కృత్రిమ మేధ వచ్చిన పిమ్మట దొంగలు నిర్దోషమైన ఆంగ్లమునను, కన్నడమునను, తెలుగునను గూడ వ్రాయగలుగుచున్నారు. భాష చక్కగ నున్నదని నమ్ముట ఇకపై కుదరదు.

ఇన్ని లక్షణములను గుర్తుంచుకొనుట కష్టమనువారికి ఒక్క నియమము చెప్పెదము. లేఖ వచ్చిన దారిన జవాబు పోరాదు. మనకు ముందే తెలిసిన దారిన విచారింపవలెను. బ్యాంకు పేర లేఖ వచ్చినదా? అందలి లంకె నొక్కవలదు, అందలి ఫోను నంబరునకు పిలువవలదు. మన పాస్‌పుస్తకముపై, కార్డు వెనుక అచ్చయిన నంబరునకు పిలువుడు. లేదా బజారుకు పోవునపుడు బ్యాంకు మెట్లెక్కి అడుగుడు. కరెంటు బిల్లు సంగతియైన బెస్కాం కచేరీకి పోయి అడుగుడు. సరకుల కంపెనీ తన బ్యాంకు ఖాతా మారినదని వ్రాసినచో, ఏండ్ల తరబడి మీరు మాటలాడుచున్న మనుష్యుని పాత నంబరున పిలిచి, ఆయన గొంతు విని, ఆయన నోట ఆ సంగతి విన్న పిమ్మటనే సొమ్ము పంపుడు. గొంతును గూడ అనుకరించు యంత్రములు వచ్చినవి గనుక, పిలుపు మీనుండియే పోవలెను. అవతలనుండి వచ్చిన పిలుపు చాలదు.

ఇది క్రొత్త విద్య గాదు. పూర్వము హుండీ వ్రాసిన వర్తకుడు, దాని వివరమును తెలుపుచు చెల్లింపవలసినవానికి వేరొక ఉత్తరము పంపెడివాడు. తెచ్చినవాని చేతిలోని కాగితము ఒక సాక్ష్యము. వేరు దారిన వచ్చిన ఉత్తరము రెండవ సాక్ష్యము. రెండును కలిసినపుడే సొమ్ము చేతులు మారెడిది. మన తాతలకు కంప్యూటరు తెలియదు గాని ఈ మర్మము తెలియును.

రామాయణమును తలచుకొనుడు. సన్యాసి వేషము చూచి సీతాదేవి రావణునకు అతిథి మర్యాద చేసినది. వేషము పవిత్రమైనది, వేషధారి పాపాత్ముడు. పిమ్మట అశోకవనమున హనుమంతుడు వచ్చినపుడు, రావణుడే మరల వేషము మార్చి వచ్చెనేమో యని ఆమె శంకించి, రామలక్ష్మణుల చిహ్నములను వర్ణింపుమని అడిగినది. అవి సరిగ చెప్పిన పిమ్మట ఉంగరమును చూచి నమ్మినది. ఇందులో మరియొక విశేషము కలదు. తన్ను శంకించినదని హనుమంతుడు కోపగింపలేదు, తొందర పెట్టలేదు, అడిగినదెల్ల ఓపికగ చెప్పినాడు. నిజమైన దూతకు విచారణయందు భయము లేదు. మనము విచారించెదమన్న వెంటనే కోపగించువాడు, బెదరించువాడు, ఫోను పెట్టివేయవలదనువాడు ఎవడో మనకు అప్పుడే తెలిసిపోవును.

విచారించుటకు ప్రభుత్వమువారును కొన్ని ఆనవాళ్లు ఏర్పరచియున్నారు. 2019 అక్టోబరు 1 మొదలుకొని ఆదాయపు పన్ను శాఖ పంపు నోటీసులు మొదలగు లేఖలపై డి.ఐ.ఎన్. అను గుర్తింపు సంఖ్య నుంచు పద్ధతిని ప్రవేశపెట్టినారు. ఆ శాఖయొక్క సైటును మనమే తెరచి ఆ సంఖ్యను నింపిన, ఆ లేఖ నిజమైనదో కాదో తెలియును. పరోక్ష పన్నుల శాఖయు అదే సంవత్సరము నవంబరు 8 నుండి ఇట్టి పద్ధతినే చేపట్టినది. కావున జి.ఎస్.టి. నోటీసని బెదరిపోక, మొదట సంఖ్యను సరిచూచుకొనుడు. రిజర్వు బ్యాంకు 2025లో, బ్యాంకులన్నియు తమ సైటులను అక్టోబరు 31 లోపల డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అను చివరిపేరునకు మార్చుకొనవలెనని ఆదేశించినది. ఆ పేరును బ్యాంకులకు దక్క అన్యులకు ఇయ్యరు. ఇచ్చు అధికారము హైదరాబాదులోని ఐ.డి.ఆర్.బి.టి. అను సంస్థకు మాత్రమే కలదు. బ్యాంకు సైటును తెరచునపుడు చివర ఈ మాటలున్నవో లేవో చూచుట అలవాటు చేసికొనుడు.

ఇట్టి తంటాలేల, ఫోనునందలి బ్యాంకు వ్యవహారమునే మానివేసిన సరిపోవును గదా యనువారును మనలో కలరు. వారి జాగ్రత్తను మేము గౌరవింతుము గాని సలహాను అంగీకరింపజాలము. నేడు పట్టుగూళ్ల సొమ్ము, పాల సొమ్ము, కూరగాయల సొమ్ము, పింఛను, పిల్లవాని కాలేజీ రుసుము అన్నియు ఈ దారినే నడచుచున్నవి. దారిలో దొంగలున్నారని సంతకు పోవుట మానిన వర్తకుడు బ్రతుకునా? దీపము పట్టుకొని, తోడు కూర్చుకొని పోవలెను. మరికొందరు, మా పిల్లలకు అన్నియు తెలియును, మాకెందుకు అందురు. పిల్లలకు మీటలు నొక్కుట తెలియును. మనుష్యులను పరీక్షించుట పెద్దలకు తెలియును. ఈ రెండును ఒకచోట చేరినపుడే యింటికి రక్షణ.

ఇక, మోసము జరిగిన పిమ్మట చేయవలసిన పని. ముందుగ 1930 అను నంబరునకు పిలిచి ఫిర్యాదు చేయవలెను. ఇది దేశమంతటికిని ఒక్కటే నంబరు. దొంగ సొమ్మును ఒక ఖాతానుండి మరియొక ఖాతాకు నిమిషములలో మార్చును గనుక, ఎంత త్వరగ చెప్పిన అంత సొమ్మును మార్గమధ్యమున ఆపుట కవకాశము కలదు. వెంటనే బ్యాంకునకును తెలిపి ఖాతాను స్తంభింపజేయవలెను; చెప్పినట్లు వ్రాతమూలకమైన రసీదు పుచ్చుకొనవలెను. పిమ్మట జిల్లాలోని సైబరు నేరముల పోలీసు ఠాణాలో ఫిర్యాదు ఇయ్యవలెను. దొంగ లేఖను కోపముతో చెరిపివేయవలదు, అదియే సాక్ష్యము. రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన ఆదేశములో, తప్పు బ్యాంకుదియు ఖాతాదారునిదియు గాక మూడవవానిదైనపుడు మూడు పనిదినములలో తెలిపినచో ఖాతాదారునకు నష్టభారము లేదని చెప్పబడినది. ఖాతాదారు తానే రహస్యమును చెప్పియున్నచో, బ్యాంకునకు తెలుపువరకు జరిగిన నష్టము అతనిది; తెలిపిన పిమ్మట జరిగినది బ్యాంకుది. ఎట్లు చూచినను ఆలస్యమే మనకు శత్రువు.

చట్టమును మన పక్షముననే యున్నది. నాస్‌కామ్ అను సంస్థ పేర దొంగ ఈ-మెయిళ్లు పంపినవారిపై 2005 మార్చిలో ఢిల్లీ ఉన్నత న్యాయస్థానము తీర్పు చెప్పుచు, ఇట్టి గాలపు లేఖలు చట్టవిరుద్ధములని స్పష్టపరచినది. పిమ్మట సమాచార సాంకేతిక చట్టమున 66-డి సెక్షను చేర్చి, కంప్యూటరు ద్వారా పరుల వేషమున మోసగించువారికి మూడేండ్ల వరకు కారాగారమును, లక్ష రూపాయల వరకు జరిమానాను ఏర్పరచినారు. పొరుగున తమిళనాడులో, తన బ్యాంకు పేర వచ్చిన దొంగ లేఖను నమ్మి సుమారు ఆరున్నర లక్షలు పోగొట్టుకొనిన ఖాతాదారునకు, వడ్డీ ఖర్చులతో సుమారు 12 లక్షల 85 వేలు బ్యాంకే చెల్లింపవలెనని 2010లో ఆ రాష్ట్రపు విచారణాధికారి ఆదేశించినాడు. ఫిర్యాదు చేసినవానికే న్యాయము. నోరు మూసికొనినవానికి న్యాయస్థానమేమి చేయగలదు?

ఇచ్చటనే మన సంఘపు అసలు బాధ కలదు. మనవారు నోరు మూసికొనుచున్నారు. సొమ్ము పోయినదని తెలిసిన పరపతి పోవునని వర్తకుడు దాచును. కొడుకు కసరునని తండ్రి దాచును. ఊరివారు నవ్వుదురని అందరును దాచుదురు. ఒకడు దాచినందున అదే గాలమునకు ప్రక్కయింటివాడు మరుసటి వారము చిక్కును. కన్నము పడిన ఇంటివానిని చూచి మనము ఏనాడును నవ్వలేదు. లాంతరు తీసికొని పరుగెత్తి పోయితిమి. గాలపు లేఖకు చిక్కినవాడును అట్టివాడే. వానిని నవ్వువారు దొంగకు తెలియకయే సహాయము చేయుచున్నారు.

మరియొక కష్టము మన భాషకు సంబంధించినది. మన యిండ్లలో మాట తెలుగు, బడిలో అక్షరము కన్నడము, బ్యాంకు లేఖ ఆంగ్లము. సగము అర్థమైన లేఖ సగము భయపెట్టును. అర్థము కాలేదని చెప్పుటకు సిగ్గుపడి, కనబడిన మీటను నొక్కుదురు. దొంగకు కావలసిన దంతయు ఆ సగమే. మేము కన్నడమునకు ఏ విధమునను విముఖులము గాము. అది మన రాష్ట్ర భాష, మన బిడ్డల బడి భాష. కాని అపాయమును గూర్చిన హెచ్చరిక మనుష్యునకు హృదయమున తగులు భాషలో నుండవలెను. జిల్లాలోగాని తాలూకాలోగాని జనాభాలో నూటికి పదునైదుగురు మాటలాడు భాషలోనికి ముఖ్యమైన నోటీసులను అనువదించి ప్రకటింపవలెనని భాషాల్పసంఖ్యాకుల రక్షణ పథకమున కలదు. బాగేపల్లి తాలూకాలో తెలుగు వినబడని వీధి యేది? 1930 నంబరును గూర్చిన ప్రకటనలు, సైబరు నేరముల హెచ్చరికలు కన్నడముతోపాటు తెలుగులోను అచ్చువేయింపుడని జిల్లా అధికారులను, బ్యాంకులను మన సంఘము వినయముతోను, పట్టుదలతోను కోరవలెను. దేశమునగాని రాష్ట్రమునగాని వాడుకలోనున్న ఏ భాషలోనైనను తన కష్టమును అధికారులకు విన్నవించుకొను హక్కు రాజ్యాంగపు 350వ అధికరణము మనకిచ్చినది. కనుక ఆంగ్లము రాదని, కన్నడము వ్రాయలేమని ఫిర్యాదు మానుకొనవలసిన పని లేదు.

మన చేతిలోనున్న పనులు మూడు కలవు. ప్రతి యాదివారము సంఘ కార్యాలయమున ఒక గంట, ఆంగ్లము చక్కగ తెలిసిన యువకులిరువురు కూర్చుండి, పెద్దలు తెచ్చిన అనుమానపు లేఖలను తెలుగున చదివి చెప్పవలెను. ఏ రహస్య సంఖ్యను అడుగరాదు, ఏ మీటను తాము నొక్కరాదు. ప్రతి దుకాణమునను, ఖాతా మారినదను లేఖ వచ్చినపుడు యజమానియు గుమాస్తాయు ఇరువురును సరిచూడక సొమ్ము పంపరాదను కట్టుబాటు చేసికొనవలెను. సంఘీయులెవరికి గాలపు లేఖ వచ్చినను దాని సారాంశమును ఈ పత్రికకు తెలుపవలెను. పేరు లేకుండ ప్రకటించి పదిమందిని హెచ్చరింపవచ్చును.

మన పెద్దలు ఈ గడ్డమీదికి వచ్చినపుడు వారికి తెలిసినవారు లేరు. ఒకరి మాట నొకరు నిలుపుకొని, అనుమానము వచ్చిన చోట విచారించి, విచారించిన పిమ్మట సంపూర్ణముగ నమ్మి, ఈ ఊళ్లలో పేరు సంపాదించినారు. నమ్మకమును మానుమని మేము చెప్పుట లేదు. నమ్మకము లేనిదే అంగడి లేదు, ఊరు లేదు. విచారించి నమ్ముమని మాత్రమే చెప్పుచున్నాము. ఈ వారము మన సంఘీయులు ప్రతి యొక్కరు తమ యింటి పెద్దల ఫోనునందు 1930 అను నంబరును వ్రాసియుంచి, వచ్చిన దారిన జవాబు పోరాదను నియమమును వారికి తెలుగున ఒక్కమారు వివరింతురు గాక.